సంకీర్ణ భిన్నాలు – సామాన్య హారం

భిన్నం మీద మరో భిన్నం ఎక్కి కూర్చుంటే దాన్ని సంకీర్ణ భిన్నం అంటాం. అంటే లవంలోనో, హారంలోనో, రెండింటిలోనో మళ్ళీ భిన్నాలుంటాయన్నమాట. ప్రశ్నపత్రంలో ఇది కనబడగానే మనలో చాలామందిమి పక్క ప్రశ్నకు పోతాం. నేనూ అలా పోయినవాణ్ణే. ఇది అంత భయపడాల్సిన సంగతి కాదని నాకు తెలిసింది క్లాసులో కాదు, మా చేనిగట్టు మీద.

సెలవుల్లో ఒకరోజు వేరుశెనగ చేనుకు నీళ్ళు కడుతున్నాం. మాకు రెండు బోర్లున్నాయి. చేనంతా తడవడానికి పాత బోరుకైతే ఆరు గంటలు, కొత్త బోరుకైతే మూడు గంటలు పడుతుంది. కరెంటు చూస్తే ఇంకా రెండు గంటలే ఉంటుంది.

"రెండూ వేస్తే ఎంతసేపట్లో తడుస్తుందిరా?" అని నాన్న అడిగాడు.

"ఆరూ మూడూ తొమ్మిది. అందులో సగం నాలుగున్నర గంటలు. ఈ పూటకు కాదులే నాన్నా" అన్నాను.

నాన్న నవ్వాడు. "కొత్తదొక్కటే మూడు గంటల్లో తడుపుతుంటే, దానికి పాతది కూడా తోడైతే నాలుగున్నర ఎట్లా అవుతుందిరా? చేను ఆరు భాగాలనుకో. గంటలో పాతది ఒక భాగం తడుపుతుంది, కొత్తది రెండు. కలిసి మూడు. ఆరు భాగాలకు రెండు గంటలు. పో, రెండూ వెయ్యి."

అయిదో తరగతితో బడి మానేసిన మా నాన్న చేసింది అచ్చంగా సామాన్య హారం తీసుకోవడమే. గంటలో జరిగే పని 1/6 + 1/3. ఒకటి ఆరో వంతు, మరొకటి మూడో వంతు. ముక్కల సైజు వేరైనప్పుడు నేరుగా కూడలేం. అందుకని చేనును ఆరు సమాన ముక్కలు చేశాడు. 1/6 + 2/6 = 3/6. పట్టే కాలం 1 ÷ (3/6) = 2.

ఇప్పుడు అంకెల బదులు అక్షరాలు పెడదాం. పాత బోరుకు క గంటలు, కొత్త బోరుకు చ గంటలు అనుకోండి. కలిసి పట్టే కాలం 1 ÷ (1/క + 1/చ). ఇదే సంకీర్ణ భిన్నం. లోపలి హారాలు క, చ. వాటి క.సా.గు. క×చ. పైనున్న 1ని, కిందనున్న మొత్తాన్ని దానితోనే గుణిస్తే వచ్చేది (క×చ)/(క + చ). 18/9 = 2. ఫిజిక్స్ ల్యాబులో 6 ఓముల నిరోధాన్ని, 3 ఓముల నిరోధాన్ని సమాంతరంగా కలిపితే 2 ఓములు వచ్చేదీ ఈ సూత్రంతోనే.

మరో లెక్క చూద్దాం: (1 – 1/క) ÷ (1 – 1/క²). దీనికి రెండు దారులున్నాయి. పైభాగాన్ని, కిందిభాగాన్ని వేర్వేరుగా ఒక్కో భిన్నంగా మార్చి, కిందిదాన్ని తలకిందులు చేసి గుణించడం ఒకటి. లోపలి హారాలన్నిటి క.సా.గు.తో పైనా కిందా ఒకేసారి గుణించడం రెండోది. ఇది దగ్గర దారి. ఇక్కడ క.సా.గు. క². గుణిస్తే (క² – క)/(క² – 1) అవుతుంది. కారణాంకాలుగా రాస్తే క(క – 1)/((క + 1)(క – 1)). ఉమ్మడిగా ఉన్న (క – 1)ని కొట్టేస్తే మిగిలేది క/(క + 1).

మన మార్కులు పోయేది ఈ కొట్టేయడం దగ్గరే. పైనా కిందా 1 కనబడింది కదా అని మొదట్లోనే కొట్టేస్తే జవాబు క అని వస్తుంది. సరిచూడటం తేలిక. క = 2 పెట్టండి. అసలు లెక్క (1/2) ÷ (3/4) = 2/3. మన జవాబు క/(క + 1) కూడా 2/3. తొందరపడి కొట్టేసినవాడికి 2 వస్తుంది. గుణకారంలో ఉన్న కారణాంకాన్ని కొట్టేయవచ్చు గాని, కూడికలో, తీసివేతలో ఉన్న పదాన్ని కొట్టేయకూడదు.

ఇంకొక జాగ్రత్త. సూక్ష్మీకరించాక కొన్ని నిషేధాలు కంటికి కనబడకుండా పోతాయి. క/(క + 1)లో క = 0 పెడితే 0 వస్తుంది, క = 1 పెడితే 1/2 వస్తుంది. కాని మొదటి రూపంలో ఆ రెండు విలువలకూ అర్థం లేదు, ఎక్కడో ఒకచోట సున్నతో భాగించాల్సి వస్తుంది. అందుచేత క విలువ 0, 1, –1 కాకూడదని జవాబు పక్కన రాయాలి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన 'గణితసారసంగ్రహం'లో భిన్నాల ప్రకరణం పేరు 'కళాసవర్ణం'. సవర్ణం చేయడమంటే ఒకే రంగులోకి తేవడం, అంటే హారాలన్నీ ఒకటిగా చేయడం. హారాల క.సా.గు.ను ఆయన 'నిరుద్ధం' అన్నాడు. భిన్నంతో భాగించే లెక్కలకు 'భాగభాగం' అని విడిగా పేరు పెట్టాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు.

కాబట్టి మిత్రులారా, ఈసారి మేడ మీద మేడలాంటి భిన్నం ఎదురైతే పక్క ప్రశ్నకు పోకండి. ముందు లోపలి హారాలు చూడండి, వాటికి క.సా.గు. తీయండి, పైనా కిందా గుణించండి. ఒక అంకె పెట్టి సరిచూసుకోండి. వచ్చిన జవాబు నమ్మేటట్టుందో లేదో కూడా ఆలోచించండి. నేను ఆలోచించి ఉంటే నాలుగున్నర అనేవాణ్ణి కాదు.

ఆ రోజు కరెంటు పోయేలోపల మా చేను చివరి సాలుదాకా తడిసింది.