గ్రహణాన్ని ఫొటో తీద్దాం... కళ్ళు కాపాడుకుంటూ!

ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయల కోసమో, చీరల కోసమో తిరిగే మనందరికీ ఈ ఊరి పేరు వెనకున్న పెద్దాయన తెలుసు. మెన్లో పార్క్‌లో థామస్ ఆల్వా ఎడిసన్ లేబొరేటరీ ఉండేది కాబట్టే రారిటన్ టౌన్‌షిప్ 1954లో ఎడిసన్‌గా పేరు మార్చుకుంది. అయితే ఆ ఎడిసన్‌గారు ఒకసారి సూర్యగ్రహణం కోసం వయోమింగ్ దాకా వెళ్ళారనీ, అక్కడ మనలాంటి కొత్తవాళ్ళలాగే తడబడ్డారనీ మీకు తెలుసా?

అది 1878 జూలై 29. ఊరి పేరు రాలిన్స్. సూర్యుడి చుట్టూ ఉండే తెల్లని వెలుగు, అంటే కరోనా, ఎంత వేడిగా ఉంటుందో కొలవాలని తను తయారుచేసిన ‘టాసిమీటర్’ అనే పరికరాన్ని వెంట తీసుకెళ్ళారు. సంపూర్ణ గ్రహణం ఉన్నదేమో మూడు నిమిషాల లోపే. పరికరాన్ని సరిచేసుకోవడంలోనే ఎక్కువ సమయం పోయింది. తీరా గురి కుదిరేసరికి ముల్లు కాస్తా కొలత దాటి వెళ్ళిపోయింది. వేడి ఉందని తెలిసింది గాని, ఎంతో తెలియలేదు. అదే బృందంలోని హెన్రీ డ్రేపర్ మాత్రం కరోనాను ఫొటో తీయగలిగారు. ఆయన భార్య అన్నా డ్రేపర్ గుడారంలో కూర్చుని సెకన్లు లెక్కపెట్టారు. బయటికి చూస్తే లెక్క తప్పుతుందని! పాపం, అంతదూరం వెళ్ళి గ్రహణాన్నే చూడలేదు.

గ్రహణం ఫొటో తీయాలనుకునే వాళ్ళకి ఉండే ప్రమాదాలు కూడా ఈ రెండే. ఒకటి కళ్ళు పోగొట్టుకోవడం. రెండోది, కెమేరాతో కుస్తీ పడుతూ గ్రహణాన్నే పోగొట్టుకోవడం. మొదటిదాన్ని నేను జాగ్రత్తగా తప్పించుకున్నాను. రెండోదాంట్లో సగం పడ్డాను. ఆ కథ చెబుతూనే నేర్చుకున్నవీ చెబుతాను.

అమ్మ చూడని గ్రహణం

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా ఆ దారిలోనే ఉంది. అమెరికా నుంచి హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వాళ్ళు వచ్చి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో తమ కెమేరా పెట్టుకుని కరోనాను ఫొటో తీశారు. అదే సమయంలో నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో మా అమ్మ తలుపులు బిగించిన చీకటి గదిలో కదలకుండా పడుకుని ఉంది. అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను.

ఫొటోగ్రఫీకీ మన నేలకీ సంబంధం ఇంకా పాతది. 1868 ఆగస్టు 18 నాటి గ్రహణానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్, బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెన్నంట్ గుంటూరు వచ్చారు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ ఉన్నారు. టెన్నంట్ బృందం తడి రసాయనం పూసిన గాజు పలకల మీద ఫొటోలు తీసింది. పలక ఆరిపోయే లోపే ఫొటో తీసి కడిగెయ్యాలి. సూర్యుడి అంచు నుంచి కొమ్ములా లేచిన మంట ఆ ఫొటోల్లో దొరికింది. ఆ ఏడాది పరిశీలనలే తరువాత హీలియం గుర్తింపుకు దారి తీశాయి. గుంటూరు ఎండలో గాజు పలకలతో వాళ్ళు చేసిన పని, చేతిలో డిజిటల్ కెమేరా ఉన్న మనం చెయ్యలేమా?

2024 ఏప్రిల్ 8 గ్రహణం నాటికి అమ్మ ఎడిసన్‌లో మా దగ్గరే ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు 90 శాతం మూసుకుంటాడు. “తొంభై చాలదా నాన్నా?” అంది పన్నెండేళ్ళ మా అమ్మాయి. చాలదు. 90 శాతం గ్రహణంలో వెలుగు కొంచెం మసకబారుతుంది, అంతే. కరోనా కనపడాలంటే నూటికి నూరూ మూసుకోవాలి. 1925 జనవరి 24న న్యూయార్క్‌లో గ్రహణం పడితే మాన్‌హాటన్‌లో సుమారు 96వ వీధికి ఉత్తరాన ఉన్నవాళ్ళకి సంపూర్ణ గ్రహణం, దక్షిణాన ఉన్నవాళ్ళకి పాక్షికం. నాలుగడుగుల తేడాలో అంత తేడా!

అందుకని ఆదివారమే బయల్దేరి, దారిలో ఒక రాత్రి ఆగి, న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు అంచున షాంప్లేన్ సరస్సు ఒడ్డునున్న ప్లాట్స్‌బర్గ్ చేరాం. ముందు రాచెస్టర్ అనుకున్నాం గాని, రెండు రోజుల ముందు వాతావరణ సూచన చూసి మార్చుకున్నాం. మంచిదయింది. ఆ రోజు బఫెలో, రాచెస్టర్‌లను మబ్బులు కమ్మేశాయి. ఇదే మొదటి పాఠం: హోటల్ ఎక్కడ బుక్ చేసినా మనసు మాత్రం చివరిదాకా మబ్బుల మీదే ఉండాలి.

ముందు కళ్ళు

గ్రహణం రోజున సూర్యుడి నుంచి ప్రత్యేకమైన చెడు కిరణాలేమీ రావు. రోజూ వచ్చేవే వస్తాయి. అన్నం పాడవదు, కడుపులో బిడ్డకి ఏమీ కాదు. మరి ప్రమాదం ఎందుకు? మామూలు రోజున సూర్యుణ్ణి చూస్తే కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. గ్రహణంలో వెలుగు తగ్గడంతో తదేకంగా చూడాలనిపిస్తుంది. మిగిలిన సన్నని అంచు కూడా రెటీనాను కాల్చగలదు. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి ఆ సమయంలో మనకేమీ అనిపించదు. కొన్ని గంటల తరువాత చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది. అది కొందరికి పోదు.

కాబట్టి ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణానికి తగిన గ్రహణం కళ్ళజోళ్ళు నమ్మకమైన చోట కొనండి. గీతలు, చిల్లులు పడితే పారెయ్యండి. మన చిన్నప్పటి ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు ముక్కలు, సీడీలు, చలవ కళ్ళద్దాలు ఏవీ పనికిరావు. చీకటిగా కనపడినంత మాత్రాన కంటికి కనిపించని వేడి కిరణాలు ఆగినట్టు కాదు.

ఇంకొక ముఖ్యమైన మాట. గ్రహణం కళ్ళజోడు పెట్టుకుని కెమేరాలోంచి గాని, బైనాక్యులర్స్‌లోంచి గాని సూర్యుణ్ణి చూడకూడదు. భూతద్దంతో కాగితం కాల్చిన ఆట గుర్తుందా? లెన్సు చేసేదీ అదే పని. ఆ వేడికి కళ్ళజోడు ఫిల్టర్ కాలిపోతుంది, దాని వెనక కన్నూ కాలుతుంది. కెమేరాకి ఫిల్టర్ ఎప్పుడూ లెన్సుకు ముందు, సూర్యుడి వైపే ఉండాలి.

తరువాత కెమేరా

కావలసినవి ఎక్కువేం లేవు. మాన్యువల్ సెట్టింగులున్న కెమేరా, గట్టి ట్రైపాడ్, సోలార్ ఫిల్టర్, నిండుగా చార్జ్ చేసిన రెండు బ్యాటరీలు, ఖాళీ మెమరీ కార్డు.

ఫిల్టర్: కెమేరాల కోసం అమ్మే సోలార్ ఫిల్టరే కొనాలి. అది వెలుగులో సుమారు లక్షో వంతు మాత్రమే లోపలికి రానిస్తుంది. జలపాతాల ఫొటోలకు వాడే మామూలు ఎన్.డి. ఫిల్టర్లు దీనికి సరిపోవు. గాలికి ఊడకుండా టేపు వెయ్యండి, కానీ ఒక్క లాగుతో వచ్చేట్టుగా. కెమేరా వెనక తెర మీదే చూడండి. అద్దాల వ్యూఫైండర్‌కి కన్ను ఆనించకండి. ఫిల్టర్ లేనప్పుడు లెన్సును సూర్యుడి వైపు వదిలెయ్యకండి, కెమేరా లోపలి భాగాలు కాలిపోతాయి.

లెన్సు: చిన్న లెక్క ఉంది. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో దాన్ని 109తో భాగిస్తే సెన్సార్ మీద సూర్యుడి బొమ్మ ఎంతో వస్తుంది. 200 మి.మీ. లెన్సుకు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. 500 మి.మీ.కి నాలుగున్నర. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ ఎత్తు 24 మి.మీ. అని గుర్తుంచుకుంటే మన సూర్యుడు ఎంత కనిపిస్తాడో తెలిసిపోతుంది. పెద్ద లెన్సు లేదని బాధపడకండి. చిన్న లెన్సుతో సరస్సు, చెట్లు, మనుషులు, పైన గ్రహణం అన్నీ వస్తాయి.

సెట్టింగులు: పాక్షిక దశలో ఫిల్టర్‌తో ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/8, షట్టర్ సెకనులో 500వ వంతు దగ్గర మొదలుపెట్టి, తెర మీద చూసుకుంటూ మార్చుకోండి. ఆటో ఫోకస్ ఆపేసి, సూర్యుడి అంచు పదునుగా కనిపించేదాకా చేత్తో తిప్పి, ఆ రింగును టేపుతో అంటించెయ్యండి. ఫ్లాష్ ఆపెయ్యండి, చుట్టూ ఉన్నవాళ్ళు మిమ్మల్ని తిట్టుకోకుండా ఉంటారు. మీట నొక్కినప్పుడు కెమేరా కదలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి.

సంపూర్ణ దశలో ఫిల్టర్ తీసెయ్యాలి. అప్పుడు కరోనా వెలుగు పున్నమి చంద్రుడి వెలుగు లాంటిది. సెకనులో 1000వ వంతు నుంచి ఒక సెకను దాకా వేరువేరు వేగాలతో వరుసగా తియ్యండి. తక్కువ సమయానికి అంచున ఎర్రటి మంటలు, ఎక్కువ సమయానికి కరోనా రేకులు వస్తాయి. వజ్రపుటుంగరంలా చివరి వెలుగు మెరిసి పూర్తిగా ఆరిపోయాకే కళ్ళజోడు తియ్యండి. రెండో పక్క మళ్ళీ మెరవగానే కళ్ళజోడు కళ్ళకి, ఫిల్టర్ లెన్సుకి.

వారం ముందు నుంచే మామూలు సూర్యుడి మీద రోజూ ఇదంతా సాధన చెయ్యండి. ఫిల్టర్ తీసి పెట్టడం కూడా.

ఆ చివరి మాట ఎందుకు చెప్పానంటే...

ప్లాట్స్‌బర్గ్‌లో ఒంటిగంటకల్లా అన్నీ సర్దుకున్నాను. గ్రహణం పట్టకముందే అందరం తినెయ్యాలని అమ్మ హుకుం. మిగిలిన పులిహోర డబ్బా మీద దర్భపోచ వేసింది. నేను ఏమీ అనలేదు. దర్భ వల్ల ఫొటోకి వచ్చిన నష్టమేమీ లేదు కదా!

మూడుంపావు దాటాక వెలుగు వింతగా మారింది, చలి పెరిగింది. అమ్మ కుర్చీలో తల దించుకునే కూర్చుంది. కళ్ళజోడు ఒళ్ళోనే ఉంది. “నువ్వు కడుపుల ఉన్నప్పుడు నన్ను కదలనియ్యలే బిడ్డా. బయట రాత్రయింది, కోళ్ళు గూట్ల కెక్కినయని అందరు చెప్పుకున్నరు. నేను సూడలే” అంది.

అంతలో చీకటి పడింది. నేను మీట నొక్కాను. తెర నల్లగా ఉంది. షట్టర్ మార్చాను. నలుపే. బ్యాటరీయా, కార్డా అని వెతికాను. ముప్ఫై ఏడు ఫొటోలు తీశాక గాని అర్థం కాలేదు, నేను ఫిల్టర్ తియ్యలేదని! రోజూ కంప్యూటర్లలో ఇతరుల తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. దాన్ని లాగేసేసరికి మూడున్నర నిమిషాల్లో నిమిషంన్నర పోయింది.

అప్పుడు పక్కన మా అమ్మాయి గొంతు వినపడింది. “నానమ్మా, కళ్ళజోడు తీసెయ్, ఇప్పుడు చూడొచ్చు! నిజంగా చూడొచ్చు!” తల తిప్పాను. అమ్మ లేచి నిలబడి ఉంది. మనవరాలి చెయ్యి పట్టుకుని, తల పూర్తిగా పైకెత్తి చూస్తోంది. ఆకాశంలో నల్లని వృత్తం, చుట్టూ తెల్లని రేకులు, కింది అంచున గులాబి రంగు చుక్క, పక్కన శుక్రుడు. నేను కెమేరా వదిలేసి వాళ్ళ పక్కన నిలబడ్డాను. 1980లో అమ్మ, నేను ఇద్దరమూ చూడని దాన్ని, 44 ఏళ్ళ తరువాత ఇద్దరం కలిసి చూశాం.

నాకు మిగిలినవి నాలుగు ఫొటోలు. అందులో ఒకటే బాగుంది. కానీ మా అమ్మాయి తన ఫోను నీళ్ళ సీసాకి ఆనించి, వీడియో పెట్టి వదిలేసిందట. అందులో సూర్యుడు లేడు. చీకట్లో మా ముగ్గురి నీడలు, చుట్టూ జనం కేకలు, “అయ్యో, ఇంత అందంగుంటదా!” అన్న అమ్మ గొంతు. వెళ్ళడానికి ఆరు గంటలు, రావడానికి ట్రాఫిక్‌లో పదకొండు గంటలు పట్టిన ఆ ప్రయాణంలో మేము తెచ్చుకున్న మంచి ఫొటో ఏదంటే అదే. ప్రోగ్రామ్ రాసుకుని ఫొటోలు కెమేరానే తీసుకునేట్టు చెయ్యండి, లేదా నాలుగు తీసి ఆపెయ్యండి. సగం సమయమైనా కళ్ళకి ఇవ్వండి.

పిల్లలూ, మీకోసం!

అమ్మ వంటింట్లో బూందీ గరిటె ఉందా? పాక్షిక గ్రహణం రోజున సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, దాన్ని భుజం పక్కగా ఎండలోకి పట్టుకోండి. ఆరడుగుల దూరంలో ఒక తెల్ల అట్ట పెట్టండి. గరిటె నీడలో ఎన్ని చిల్లులున్నాయో అన్ని చిన్న చిన్న నెలవంకలు! ప్రతి చిల్లూ ఒక కెమేరాయే. వేసవిలో చెట్టు కింద ఆకుల సందుల్లోంచి కూడా ఇలాంటివే పడతాయి. మేము వెళ్ళింది ఏప్రిల్ కాబట్టి అక్కడి చెట్లకి ఆకులు లేవు, గరిటే దిక్కయింది. ఈ నెలవంకల్ని ఏ ఫోనుతోనైనా ఫొటో తియ్యొచ్చు, ఫిల్టర్ అక్కర్లేదు. చిల్లుల్లోంచి సూర్యుణ్ణి మాత్రం చూడకూడదు. అట్ట వైపే చూడాలి, సరేనా?

మళ్ళీ ఎప్పుడు?

సంపూర్ణ గ్రహణాల తేదీలు రాసిపెట్టుకోండి. 2026 ఆగస్టు 12 గ్రహణం దారి గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్ మీదుగా. 2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా. అమెరికా ప్రధాన భూభాగానికైతే 2044 ఆగస్టు 22న మోంటానా, నార్త్ డకోటాల వైపు, 2045 ఆగస్టు 12న కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా దాకా. న్యూయార్క్ నగర ప్రాంతానికి మాత్రం 2079 మే 1 ఉదయం వరకూ ఆగాలి.

ఆ తేదీ చెబితే మా అమ్మాయి వేళ్ళ మీద లెక్కపెట్టింది. “అప్పటికి నాకు అరవై ఏడు నాన్నా. ఇప్పుడు నానమ్మ వయసు!” అంది. ఆ రోజు తన మనవల్ని వెంటబెట్టుకుని ఏ మైదానంలోనో నిలబడుతుందని నా ఆశ. కెమేరా ఏదైనా కానివ్వండి. ఫిల్టర్ తియ్యడం మాత్రం మర్చిపోవద్దని ఇప్పటి నుంచే చెబుతున్నాను.