తంబుర మీద కాగితం ముక్క

ఎదురింటి కుర్రాడు కాలేజీ బస్సు దిగి నేరుగా మా అరుగెక్కుతాడు. వాడికి ఇరవై, నాకు డెబ్బై రెండు. "ఆ ముసలాయనతో నీకు కబుర్లేటిరా?" అని వాళ్లమ్మ గదమాయిస్తుంది. మొన్న వాడు ఆ మాటే నా మీదికి తిప్పాడు: "నిజమే, ఏటంటావ్ తాతా?"

జవాబు చెప్పకుండా తంబుర దించాను. మధ్య తీగలు రెండూ, సారణి, అనుసారణి, ఒకే షడ్జానికి బిగిస్తాం. కాగితం ముక్క మడిచి అనుసారణి నడుమ కూర్చోబెట్టి, పక్కనున్న సారణిని మీటమన్నాను. ఎవరూ ముట్టుకోని తీగ మీద కాగితం వణికి, ఎగిరి, కింద పడింది! కాగితం తిరిగి పెట్టి, అనుసారణి శ్రుతి దిద్దే పూసను వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటించాను. ఈసారి కాగితం ఉలకలేదు. రెండూ కలిపి మీటితే మాత్రం ధ్వని ఉబ్బుతూ తగ్గుతూ ఊగింది. మొదటిది అనునాదం, రెండోది విస్పందనాలు. ఒక తీగ సెకనుకు 200 సార్లు, రెండోది 202 సార్లు ఊగితే ఆ ఉబ్బు సెకనుకు రెండుసార్లు వస్తుంది.

ఊయల ఊపలేదూ? వెనక్కొచ్చిన వేళ చూసి తోస్తే పిల్లాడి చెయ్యి చాలు. సారణి ఊపు, తీగలు ఆనే గుర్రం మీదుగా పక్క తీగను అలాగే తోస్తుంది. శ్రుతి తప్పితే ఒక తోపు వెంట, ఒక తోపు ఎదురు.

"మరి వయసో?"

తీగ బరువే వయసనుకో. పొడవు ఒకటే అయితే, నాలుగు రెట్లు బరువున్న తీగను నాలుగు రెట్లు బిగిస్తే సన్నతీగ స్వరమే పలుకుతుంది. మన విజయనగరంలోనే చూడు. 1919లో పెట్టిన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు, 1864లో అజ్జాడలో పుట్టినాయన. అక్కడ వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు పుట్టింది 1893లో. విద్యార్థిగా చేరదామని వెళ్తే పంతులుగా చేర్చుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తేడా 29 ఏళ్లు. 1936లో దాసుగారి కుర్చీలో కూర్చున్నదీ ద్వారం వారే.

కీచురాయి కూత ఆ కుర్రాడికి వినిపిస్తుంది, నాకు వినిపించదు. లోచెవిలో సన్నధ్వనులు పట్టే కణాలే ముందు అరుగుతాయి. షడ్జం ఇద్దరికీ వినిపిస్తుంది.

మీ ఇంట్లో తంబుర లేకపోతే గిటారు చాలు. శ్రుతి చేసిన గిటారులో అన్నిటికంటే లావు తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కి మీటండి. పక్క తీగ దానికంటే సన్నం. కాగితం దాని మీద పెట్టండి.