హబ్సిగూడ పరిశోధనాలయము: మన వరి, మన రక్తము

సికిందరాబాదునకు ఈశాన్యమున నేరేడ్‌మెట్ అను పేటయు, దానికి దక్షిణముగా మల్కాజిగిరి, తార్నాకలు దాటిన పిమ్మట హబ్సిగూడయు నున్నవి. ఈ కొలది మైళ్ల త్రోవను అనుదినము పోవు ఉద్యోగులును, పటాలమువారును, విద్యార్థులును ఉప్పల్ బాటప్రక్క నున్న యొక విశాలమైన ఆవరణమును చూచుచునే యుందురు. లోపల నేమి జరుగుచున్నదని యడిగిన చెప్పగలవారు నూటికొక్కరైన నుందురో లేదో. అది సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ. జనులు సీసీఎంబీ యందురు. జీవకణమును, దానియందలి అణువులను శోధించుట అచటి వృత్తి.

జీవశాస్త్రము ఈ నగరములకు క్రొత్తది కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమకడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. హుస్సేన్ ఖాన్ అను రోగి దోమకొక అణా చొప్పున పుచ్చుకొని వానికి తన రక్తము నిచ్చెను. 1902లో నోబెల్ బహుమానము రాసునకు వచ్చినది. హుస్సేన్ ఖానునకు అణాలు దక్కినవి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు పాత్రుడై, పిదప అమెరికాకు పోయి, కండరములకు శక్తి నొసగు ఏటీపీ యను పదార్థమును 1929లో ఫిస్కేతో గూడి లోకమునకు వెల్లడించి, 1948లో అచటనే కన్నుమూసెను. బుద్ధి మనది, పరిశోధనశాల పరులది అన్నట్లు ఆ కాలము గడచినది.

ఆ లోటును తీర్చుటకు పూనినవారిలో పుష్పమిత్ర భార్గవ యొకరు. ఆయన అజ్మీరున 1928లో జన్మించి, హైదరాబాదును తన యూరిగా జేసికొని, 2017లో ఇచటనే దివంగతుడయ్యెను. ప్రాంతీయ పరిశోధనాలయములోని జీవరసాయన శాఖనుండి 1977లో ఈ కేంద్రము పుట్టినది. భార్గవయే తొలి సంచాలకుడు. 1987 నవంబరు 26న నాటి ప్రధాని రాజీవ్ గాంధి దీనిని జాతికి అంకితము చేసెను.

అచటి జీవనము బయటివారు తలచునట్లు గంభీరమైనది కాదు, సుఖమైనదియు కాదు. ఈగల సీసాలు, చారల చేపల తొట్లు, ఎలుకల గూళ్లు. శూన్యమునకు 196 డిగ్రీలు దిగువనుండు ద్రవ నత్రజనిలో దాచిన కణములు. కణములు పెరుగుటకు ఆదివారము లేదు, పండుగ లేదు. కావున పట్టపరీక్షలు దాటి పరిశోధనకు వచ్చిన పడుచువారు అర్ధరాత్రి సైతము దీపములక్రింద కూర్చుండి చుక్క చుక్కగా ద్రవములను కొలుచుచుందురు. ఒక డీఎన్‌ఏ తునకను యంత్రములో నుంచి వేడిచేసి చల్లార్చుట ముప్పదిసారులు జరిగిన నది నూరుకోట్ల ప్రతులకు మించును. ఇంతయు జేసిన పిమ్మట ఫలితము శూన్యమగుట సామాన్యము. అయిదారేండ్లు ఒకే ప్రశ్నను పట్టుకొని వ్రేలాడు ఓర్పు మన గృహములలో ఉద్యోగముగా లెక్కకు వచ్చుట లేదు. "పిల్లవాడింకను చదువుచునే యున్నాడా" యని చుట్టములు పరిహసింతురు.

దీనివలన మాకేమని కర్షకులు అడుగవచ్చును. అడుగవలసినదే. సాంబ మసూరి యెరుగని గృహస్థు తెలుగునాట లేడు. బాపట్లలో బి.పి.టి. 5204 అను పేర పుట్టి 1986లో విడుదలయైన యా వరి, రుచిలోను సన్నదనములోను పేరు గాంచినదే గాని ఎండాకు తెగులునకు సులభముగా లోబడును. చివరలనుండి ఆకు పసుపెక్కి యెండి, చేను తగులబడినట్లు కన్పట్టు తెగులది. బాక్టీరియావలన వచ్చునది గనుక మందులు చల్లి లాభము స్వల్పము. రాజేంద్రనగరమునందలి వరి పరిశోధనాలయమును, హబ్సిగూడ కేంద్రమును జతపడి ఈ పనికి పూనుకొన్నవి. తెగులును ఓర్చు మూడు జన్యువులు గల వేరొక వరితో సాంబ మసూరిని సంకరము చేసి, ఆ సంతతిని మరల మరల సాంబ మసూరితోనే కలుపుచు వచ్చిరి. ఆ మూటిలో నొకటి ఆఫ్రికాలోని అడవివరినుండి వచ్చినది. మిగిలిన రెండును అణగియుండు స్వభావము గలవి. తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చిననే గాని తమ గుణమును జూపవు. కంటితో జూచి ఏరుదమన్న మొక్కలో కనబడవు. కావున లేతయాకును గిల్లి, దాని డీఎన్‌ఏను చదివి, కావలసిన మొక్కలనే యుంచుకొనిరి. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలయ్యెను. రుచి అదియే, గింజ అదియే. తెగులునకు మాత్రము లొంగదు. పైగా నది రక్తములో చక్కెరను మెల్లగా పెంచునని పరీక్షలలో తేలినది. ఇందు పరజాతి జీవుల జన్యువును దూర్చుట లేదు, పరదేశ సంస్థల హక్కును లేదు. వరిని వరితోనే కలిపిరి. జన్యువిద్యకు ఇచట పునాది వేసిన భార్గవయే, 2008లో సుప్రీముకోర్టు ప్రతినిధిగా జన్యుపంటల సంఘమున కూర్చుండి, పరీక్షలు చాలవని తీవ్రముగా వాదించెనని మరువరాదు.

న్యాయస్థానములకును ఈ కేంద్రము ఉపకరించినది. లాల్జీ సింగ్ అను శాస్త్రజ్ఞుడు పాములలో ఆడమగ భేదమును శోధించుచు కనుగొన్న డీఎన్‌ఏ భాగమే మనుష్యుని గుర్తించు సాధనమైనది. అది పట్టెలు గల కట్లపాముది. ఆ పాముజాతి లాటిను నామమగు బుంగారస్ మన "బంగారు" మాటనుండియే పుట్టినదన్న తెలుగువారు సంతసింతురు. 1989లో కేరళలోని తెల్లిచెర్రిలో పితృత్వ వివాదము దీనిచే తీరినది. ఈ దేశమున నది మొదటిది.

ఇక మన రక్తము సంగతి. వరియందు అణగియుండి మేలుచేసిన గుణముల వంటివే మనుష్యులయందు అణగియుండి కీడుచేయునవి కలవు. 2009లో ఈ కేంద్రమువారు హార్వర్డు విద్వాంసులతో గూడి ప్రకటించిన పరిశోధన ఆంధ్రదేశపు వైశ్యులను గూర్చి యొక వింతను బయటపెట్టెను. రెండు మూడువేల యేండ్ల క్రిందట కొలదిమందితో మొదలైన యా కులములోనికి, పిదప తరమునకు నూటికొక్కరు చొప్పుననైన పరులు చేరలేదు. వైశ్యులు మాత్రమే కాదు. 2017 నాటి పరిశోధనలో 263 సమూహములను పరీక్షింపగా 81 సమూహములలో ఇట్టి సన్నని మూలము ఫిన్లాండువారికంటెను, యూరపు యూదులకంటెను గాఢముగా కనబడినది. మేనరికము మానిన చాలునను వారికిది సమాధానము కాదు. ఎరుగని యూరినుండి కోడలిని తెచ్చినను, ఒకే కులములో తెచ్చినప్పుడు ఆమె దూరపు రక్తబంధువే కావచ్చును.

దీని ఫలితము పుస్తకములలోనిది మాత్రమే కాదు. శస్త్రచికిత్సకు ముందు గొట్టము నమర్చుటకై కండరములను సడలించు సక్సినిల్‌కోలిన్ అను మందు నిత్తురు. సామాన్యముగా రక్తములోని యొక ఎంజైము దానిని కొలది నిమిషములలో నశింపజేయును. వైశ్యులలో కొందరికి ఆ ఎంజైము లోపించి యుండుట ఇతరులకంటె మిక్కిలి యెక్కువ. అట్టివారు గంటలతరబడి తమంతట ఊపిరి పీల్చలేరు, యంత్రముచే పీల్పింపవలయును. పెద్ద ఆసుపత్రిలో నది గండము గడచుట. చిన్న పట్టణమున గదిలో యంత్రము లేనిచో ప్రాణహాని. తల్లికిగాని, అన్నదమ్ములకుగాని మత్తునుండి తేరుకొనుట ఆలస్యమైనదన్న సంగతి ఇంటిలో నెవరికైన గుర్తుండిన, దానిని చికిత్సకు ముందే వైద్యునకు జెప్పవలయును. కొలది రక్తముతో పరీక్ష జరుగును. లోపము తేలినచో వైద్యుడు వేరు మందు వాడును.