పుట్టకురుపును ముందుగా కనిపెట్టు మార్గములు – పళని ప్రాంతపు తెలుగు స్త్రీలకు తగినది ఏది?

వైద్యశాలలలోను పత్రికలలోను నేడు ‘క్యాన్సరు’ అను పేరే వినిపించుచున్నది గాని, మన పెద్దలు ఈ వ్యాధిని ‘పుట్టకురుపు’ అనియు ‘రాచపుండు’ అనియు అనెడివారు. తమిళమున దీని పేరు ‘పుఱ్ఱునోయ్’. తమిళ ‘పుఱ్ఱు’కును తెలుగు ‘పుట్ట’కును జ్ఞాతిత్వము కలదు, రెండింటికిని వల్మీకమే అర్థము. చెదపురుగు లోలోపల తొలిచి, చాలకాలమునకు గాని పైకి మన్ను లేపదు. రెండు భాషలవారును ఒక్క పోలికనే ఎన్నుకొనుట గమనింపదగినది. మన్ను పైకి లేవకముందే స్త్రీల రొమ్మునందలి పుట్టను కనిపెట్టుట యెట్లు? అందులకు నగరములందలి యంత్రము తప్ప వేఱు మార్గములు కలవా? కలిగినచో వానిలో పళని ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఏది తగినది? ఈ వ్యాసమున విచారింపబోవు విషయమిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థవారు 2022వ సంవత్సరమునకు వేసిన అంచనా ననుసరించి, ఆ యేట మన దేశమున రమారమి 1,92,000 మంది స్త్రీలకు క్రొత్తగా రొమ్ము క్యాన్సరు కనిపించినది. రమారమి 98,000 మంది దానివలన మరణించిరి. ఇంతమంది మరణించుటకు ముఖ్యకారణము వ్యాధి ముదిరిన పిమ్మట వైద్యుని యొద్దకు వచ్చుటయే. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఒక్కసారియైనను రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు దేశమంతట నూటికి ఒకరైనను లేరు. తమిళనాడు ఈ విషయమున దేశము కంటె ముందున్నదన్న మాట నిజమే. కాని ఇచటను అట్టివారు నూటికి పదిమంది కారు.

లక్షణము లేవియు లేని స్త్రీలను పరీక్షించి, అనుమానింపదగినవారిని వేరుచేయుటను జల్లెడ పట్టుటతో పోల్చవచ్చును. కన్నములు పెద్దవైనచో రాళ్లు పిండితోబాటు జారిపోవును. మరీ చిన్నవైనచో మంచి పిండియు పైననే నిలిచిపోవును. ఏ పరీక్షను గూర్చి విన్నను ఈ రెండు ప్రశ్నలను వేసికొనవలెను: ఇది వ్యాధి నెంత విడిచిపెట్టును? వ్యాధి లేనివారి నెందరిని భయపెట్టును? మూడవ ప్రశ్న వీనికంటెను పెద్దది: దీనివలన చావులు తగ్గినవా?

ఈ మూడవ ప్రశ్నకు తగిన జవాబు మొదట దొరికినది మామోగ్రఫీ విషయముననే. ఇది రొమ్మును రెండు పలకల నడుమ అదిమి తీయు ఎక్స్‌రే. 1963లో న్యూయార్కు నగరమున ఒక ఆరోగ్య భీమా సంఘమువారు రమారమి 62,000 మంది స్త్రీలను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమువారికి ఏటేట ఈ పరీక్షను, దానితోబాటు వైద్యుని చేతి పరీక్షను ఏర్పరచిరి. పరీక్ష పొందిన వర్గమున ఈ వ్యాధిచే మరణించినవారు తక్కువైరి. నేడు ఇంగ్లండులో 50 ఏండ్లు దాటిన స్త్రీలను మూడేండ్ల కొకసారి పిలుతురు. అమెరికా నిపుణుల సంఘము 2024లో 40 నుండి 74 ఏండ్ల వరకు రెండేండ్ల కొకసారి చేయవలెనని చెప్పినది. ఎక్స్‌రే అనగనే మనవారు భయపడుదురు గాని, ఈ పరీక్షలో శరీరమునకు సోకు కిరణముల మోతాదు, ప్రకృతిలో మనమందరమును ఏడు వారములలో పొందు మోతాదుకు మించదు.

ఇంత మంచిదైనచో వేఱు మార్గమేల? యంత్రము, దాని చిత్రమును చదువగల నిపుణుడు ఎక్కువగా పెద్ద నగరములలోనే యుండుట ఒక కారణము. రెండవది శాస్త్రమునకు సంబంధించినది. వయస్సులో నున్న స్త్రీ రొమ్ము దట్టముగా నుండును. ఎక్స్‌రే చిత్రమున ఆ దట్టమైన భాగమును తెల్లగానే కనిపించును, కంతియు తెల్లగానే కనిపించును. మంచులో పాలచుక్కను వెదకుట వంటిది. పాశ్చాత్య దేశములతో పోల్చినపుడు మన దేశమున ఈ వ్యాధి సుమారు పదేండ్లు ముందుగానే వచ్చుచున్నది. కావున ఆ యంత్రము ఎవరియందు చక్కగా పనిచేయునో ఆ వయస్సునకు రాకముందే మనలో చాలమంది వ్యాధికి లోనగుచున్నారు.

ఇక ప్రత్యామ్నాయములుగా చెప్పబడువానిని చూతము. ఉష్ణచిత్రణము అనగా థర్మోగ్రఫీ మిక్కిలి ఆకర్షణ గలది. ఒంటిని తాకదు, కిరణములు లేవు, నొప్పి లేదు. చర్మపు వేడిని చిత్రించి చూపును. బెంగుళూరులో 2016 తరువాత కృత్రిమ మేధను దీనికి జోడించి మెరుగుపరచు ప్రయత్నము జరుగుచున్నది. అది మెచ్చదగినదే. అయినను అమెరికా ఔషధ నియంత్రణ శాఖవారు ఉష్ణచిత్రణము మామోగ్రఫీకి బదులు కాజాలదని పలుమారులు హెచ్చరించిరి. దానివలన చావులు తగ్గినవని చూపిన పరీక్ష ఏదియు లేదు. శిబిరములలో ‘నొప్పి లేని పరీక్ష’ అను ప్రకటనను చూచి, దానితో నిశ్చింతగా నుండుట ప్రమాదకరము.

అల్ట్రాసౌండు సంగతి వేఱు. దట్టమైన రొమ్మునందును అది చూడగలదు; నీటితిత్తిని గట్టి కంతి నుండి వేరుచేయగలదు. జపానులో 40 నుండి 49 ఏండ్ల స్త్రీలు రమారమి 73,000 మందిపై జరిపిన పరిశోధన ఫలితములు 2016లో వెలువడినవి. మామోగ్రఫీకి అల్ట్రాసౌండును జోడించినపుడు వ్యాధిని పట్టగల శక్తి నూటికి 77 నుండి 91కి పెరిగినది. అనవసరపు అనుమానములును కొంత పెరిగినవి. మన దేశమున ఆ యంత్రమును ఊరూరికి మోసికొనిపోవుట సులభము కాదు. గర్భస్థ శిశువు ఆడయో మగయో చూచుటను నిషేధించు 1994 నాటి చట్టము ఆ యంత్రముల రాకపోకలను కట్టడి చేసినది. ఆడశిశువులను కాపాడుటకు పుట్టిన కట్టడి అది. దానిని తప్పుపట్టరాదు.

స్త్రీ తన్ను తాను నెలనెల పరీక్షించుకొనుట చాలకాలము ఉత్తమ మార్గమని ప్రచారమైనది. దీనిని గూర్చిన పెద్ద పరిశోధన చైనాలో షాంఘై నగరపు బట్టల మిల్లులలో జరిగినది. కోయంబత్తూరు, మధుర మిల్లులలో పనిచేసిన కుటుంబములు మనలో ఎన్నియో కలవు గనుక ఈ కథను మనము తెలిసికొనవలెను. 1989 మొదలు 519 కర్మాగారములలోని 2,66,064 మంది స్త్రీలను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమువారికి స్వయంపరీక్షను కృత్రిమ రొమ్ముల నమూనాలపై నేర్పి, మరల మరల జ్ఞాపకము చేసి, తమ యెదుట చేయించి చూచిరి. ఇంతటి శ్రద్ధ మన ఊళ్లలో ఎవరికిని సాధ్యము కాదు. ఫలితములు 2002లో ప్రకటితమైనవి. నేర్చిన వర్గమున 135 మంది, నేర్వని వర్గమున 131 మంది ఈ వ్యాధిచే మరణించిరి. భేదమే లేదు. పైగా నేర్చినవారిలో, తీరా చూచినచో వ్యాధి కాని కంతులకు కోతలు ఎక్కువైనవి. దీనినిబట్టి స్త్రీ తన శరీరమును ఎఱుగనక్కరలేదని చెప్పరాదు. స్నానము చేయునపుడు మార్పు కనిపించినచో వెంటనే చూపించుకొనుట అవసరమే. లెక్కపెట్టి నెలకొక వ్రతముగా చేసి, దానితో తృప్తిపడుట నిష్ఫలము.

తన చేయి చాలనపుడు శిక్షణ పొందిన వేఱొక స్త్రీ చేయి చాలునా? ఈ ప్రశ్నకు జవాబు మన దేశముననే దొరికినది. బొంబాయి టాటా స్మారక వైద్యశాలవారు 1998లో మురికివాడల స్త్రీలు 1,51,538 మందితో పరిశోధన నారంభించిరి. అందు సగము మందికి, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్ల కొకసారి నాలుగు మారులు చేతితో పరీక్ష చేసిరి. ఆ కార్యకర్తలు వైద్యులు కారు. ఇరువది యేండ్లు గమనించి 2021లో ఫలితములు ప్రకటించిరి. 50 ఏండ్లు దాటినవారిలో ఈ వ్యాధివలని మరణములు దాదాపు నూటికి 30 వంతులు తగ్గినవి. 50 ఏండ్లలోపువారిలో మరణములు తగ్గలేదు. అయినను పరీక్ష పొందిన వర్గమున వ్యాధి ముదురకముందే బయటపడినది. యంత్రము లేదు, విద్యుత్తు లేదు, కిరణము లేదు. మన ప్రభుత్వము 2016లో 30 ఏండ్లు దాటిన స్త్రీలందరికి ఐదేండ్ల కొకసారి చేతి పరీక్ష యని నిర్ణయించినపుడు, బీదతనముచే తక్కువరకము పరీక్షను ఎన్నుకొన్నదని కొందరు గొణిగిరి. బొంబాయి ఫలితములు వారికి సమాధానము. ఐదేండ్ల ఎడము మాత్రము ఎక్కువయని నా అభిప్రాయము. బొంబాయిలో అది రెండేండ్లే గదా.

తెలుగు గడ్డపై హైదరాబాదు శస్త్రవైద్యుడు డాక్టరు పిల్లరిశెట్టి రఘురామ్, రొమ్ము క్యాన్సరునుండి కోలుకొన్న తన తల్లి పేర 2007లో స్థాపించిన ఉషాలక్ష్మి సంస్థ ద్వారా ఇదే మార్గమును అవలంబించెను. 2012 తరువాత తెలంగాణ, ఆంధ్ర ప్రాంతములలో 15 జిల్లాల గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ యిచ్చి, రెండు లక్షలకు పైబడిన బీద స్త్రీలకు చేతి పరీక్ష చేయించిరి. ఇంకను విచిత్రమైనది జర్మనీలో పుట్టి 2017 ప్రాంతమున ఢిల్లీకి వచ్చిన పద్ధతి. అంధులైన స్త్రీల వ్రేళ్లకు స్పర్శజ్ఞానము సూక్ష్మముగా నుండుననుటను గుర్తించి, వారికి ఈ పరీక్షలో శిక్షణ యిత్తురు. చేతికి తగులు గుర్తులు గల పట్టీలను రొమ్ముపై అంటించి, అంగుళమంగుళముగా వారు తడిమి చూతురు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. విజయనగర, మధుర నాయకరాజుల కాలమున వచ్చి పళని, ఒట్టన్‌చత్రము, ఉడుమలపేట, పొల్లాచ్చి ప్రాంతములలో నిలిచిన కమ్మ, బలిజ, రాజకంబళ కుటుంబముల స్త్రీలకు సంతలోను బస్సులోను తమిళమే భాష. బడిలో చదివినదియు చాలమందికి తమిళమే. కావున భాష రాకపోవుటచే వైద్యము అందలేదనుట సత్యము కాదు. తెలుగు బోధించి బ్రతుకుదానను. అయినను తెలుగు కరపత్రములు అచ్చువేయుడని నేను కోరను. వానిని చదువువారు తక్కువ. కాని ఇంటిలోపలి మాట, స్నానపు గదిలోని మాట, కూతురితో చెవిలో చెప్పు మాట నేటికిని తెలుగే. శరీరమును గూర్చిన సిగ్గంతయు ఆ తెలుగులోనే దాగియున్నది.

ఇందు ప్రశ్న అడుగు తీరు ముఖ్యము. ‘గడ్డ యేమైన ఉన్నదా?’ అని అడిగినచో లేదని జవాబు వచ్చును. గడ్డ యనగా పలువురి మనస్సున ఎఱ్ఱబడి, నొప్పిచేసి, చీముపట్టి పగులునది. తమిళ ‘కట్టి’కిని ఆ అర్థమే ముందుగా తోచును. రొమ్ము క్యాన్సరు తొలిదశలో సాధారణముగా నొప్పి యుండదు. శనగగింజవలె, చింతపిక్కవలె గట్టిగా నుండును. దానికి మన భాషలో ‘కంతి’ యను చక్కని మాట కలదు. ‘నొప్పి లేని కంతి చేతికి తగిలినదా? చంకలో బిళ్ళ కట్టినదా? చనుమొన లోపలికి పోయినదా? బిడ్డకు పాలిచ్చు కాలము కానపుడు తడియో నెత్తురో కనిపించినదా? చర్మము నారింజతొక్కవలె గుంటలు పడినదా?’ అని ఇంటిమాటలతో అడిగినచో, జవాబు మాఱవచ్చును. నొప్పి లేదు గనుక భయము లేదని అత్తగారు ధైర్యము చెప్పి నెలలు గడపిన ఇండ్లు మనకు క్రొత్త కావు.

పళని బోగర్ సిద్ధుని పేర వెలసిన క్షేత్రము. ఇచటివారికి నాటువైద్యముపై నమ్మక మధికము. ఆ వైద్యమును నిందించుట నా పని కాదు. కాని కంతి యేదో తెలియకముందే పట్టు వేయుట, లేహ్యము తినుట వలన కాలము పోవును. సూది గుచ్చి చూచినచో వ్యాధి వ్యాపించుననుట మఱియొక అపోహ. చేతి పరీక్ష, చిత్రము, సూది పరీక్ష ఈ మూడును కూడిననే నిర్ణయము. చేతికి తగిలిన కంతులలో అధికభాగము క్యాన్సరు కావనియు అపుడే తేలును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2021లో పెట్టిన లక్ష్యములలో, వైద్యుని తొలిసారి చూచిన 60 దినములలోపల నిర్ణయము కావలెననునది యొకటి.

అరువది దినములు చాల ఎక్కువగా తోచును గాని, పళని నుండి కోయంబత్తూరునకు రమారమి 100 కిలోమీటర్లు. మధుర అంతకంటె కొంత దూరము. పరీక్షకు ఒకనాడు, ఫలితమునకు ఒకనాడు, మరల సూది పరీక్షకు ఒకనాడు. కోతకాలమున, మిల్లు షిఫ్టులలో, పరీక్షల నెలలో స్త్రీ తన పనిని చివరకే పెట్టుకొనును.

కావున మన సంఘములకు నా సూచన యిది. యంత్రము కొనుటకు చందాలు ఎత్తవలదు. ప్రతి ఊరినుండి ఇంటి తెలుగు మాటాడు ఇద్దరు స్త్రీలను ఎన్నుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు నర్సమ్మ యొద్ద ఈ చేతి పరీక్ష జరుగు దినమున ఆమెకు తోడుగా నిలుపుడు. తైపూసము, పంగుని ఉత్తరము వంటి ఉత్సవముల రద్దీలో శిబిరము పెట్టవలదు. తలుపు మూయగల బడిగది చాలును. నలుబదేండ్లు దాటినవారి పేర్లు, పరీక్ష జరిగిన తేది, రెండేండ్ల తరువాతి తేది ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. ఏటేట సంఘము ప్రకటించు జమాఖర్చులలో కల్యాణమంటపపు మరమ్మతు పద్దు క్రింద మఱి రెండు పద్దులు చేర్చుడు: ఆస్పత్రికి పోయి వచ్చు బస్సు ఖర్చు ఒకటి, తోడు వెళ్లిన ఆమెకు పోయిన దినకూలి ఒకటి.