పేరు పెట్టిన గళ్ళు: వెబ్ పుట కూర్పులో ఒక పద్ధతి

ఉర్దూ, తెలుగు రెండింటిలోను వెలువడే సంచికకు రెండు ముఖాలు ఉంటాయి. తెలుగు భాగము ఎడమ నుండి, ఉర్దూ భాగము కుడి నుండి మొదలవుతాయి. అచ్చు ప్రతిలో ఈ చిక్కు సులువుగానే తీరుతుంది. పుస్తకానికి రెండు వైపులా రెండు ముఖపత్రాలు పెడితే సరిపోతుంది. అదే సంచికను వెబ్ పుటలుగా కూర్చవలసి వచ్చినప్పుడు తెరకు రెండు వైపులు లేవు. ఇందుకు సీఎస్ఎస్ అనే శైలి భాషలోని గ్రిడ్ పద్ధతి, అందులోను గళ్ళకు పేర్లు పెట్టే విధానము, చక్కగా పనికివస్తుందని మా అభిప్రాయము.

వెబ్ పుటలో విషయాన్ని హెచ్‌టీఎంఎల్, రూపాన్ని సీఎస్ఎస్ నిర్ణయిస్తాయి. హాకోన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించిన ఈ శైలి భాషకు 1996లో తొలి ప్రమాణము వెలువడినది. అయితే పుటను అడ్డముగా, నిలువుగా విభజించే సొంత సాధనము దానికి చాలాకాలము లేకపోయినది. పట్టికలకై పుట్టిన టేబుల్‌ను, బొమ్మ పక్కన అక్షరాలు నడిపించడానికై పుట్టిన ఫ్లోట్‌ను ఆ పనికి వాడుకున్నారు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ బ్రౌజర్లు మూడింటిలోను గ్రిడ్ అందుబాటులోకి వచ్చినది.

గ్రిడ్‌లో ఒక భాగాన్ని దాని చోట ఉంచడానికి గీతలను లెక్కించవచ్చును: రెండవ నిలువు గీత నుండి నాలుగవ గీత వరకు, అని. నడుమ ఒక నిలువు వరుస చేరిస్తే లెక్కలన్నీ తిరిగి వేసుకోవలె. పేర్ల పద్ధతిలో ఈ బాధ లేదు. గ్రిడ్-టెంప్లేట్-ఏరియాస్ అనే లక్షణానికి విలువగా పుట నమూనానే వ్రాస్తాము:

"శీర్షిక శీర్షిక"
"సూచిక వ్యాసము"
"పాదము పాదము"

ఇక వ్యాసమున్న భాగానికి గ్రిడ్-ఏరియా: వ్యాసము అని చెప్పితే అది తన చోటికి చేరుతుంది. పేర్లు ఆంగ్లములోనే ఉండవలెనన్న నియమము లేదు. తెలుగు అక్షరాలు, ఉర్దూ అక్షరాలు కూడ చెల్లుతాయి. ఖాళీగా విడువదలచిన గడికి ఒక చుక్క పెడతాము. చేతిఫోను వంటి ఇరుకు తెరకు మీడియా క్వెరీలో ఈ నమూనాను ఒకే నిలువు వరుసగా తిరిగి వ్రాస్తే చాలును.

నియమాలు రెండు తప్పరాదు. ప్రతి వరుసలోను గళ్ళ సంఖ్య సమానముగా ఉండవలె. ఒక పేరు ఆక్రమించిన చోటు దీర్ఘచతురస్రము కావలె. ఏది తప్పినా బ్రౌజరు నమూనా మొత్తాన్ని మౌనముగా త్రోసిపుచ్చుతుంది. పేరు పెట్టిన భాగాలన్నీ ఒకే మూలకు చేరి ఒకదానిమీద ఒకటి పడతాయి. క్రొత్తవారిని ఎక్కువగా కంగారుపెట్టేది ఇదే.

ఇప్పుడు ఉర్దూ పుట సంగతి. పై నమూనాలో సూచిక ముందు, వ్యాసము తరువాత అని చెప్పినామే గాని, ఎడమ అని గాని కుడి అని గాని చెప్పలేదు. పుటకు డిర్ అనే గుణము ద్వారా ఆర్‌టీఎల్ అని తెలిపితే నిలువు వరుసలు కుడి నుండి మొదలవుతాయి. అదే నమూనాలో సూచిక కుడివైపు నిలుస్తుంది. ఉర్దూకు వేరే శైలి పత్రము వ్రాయనక్కరలేదు. రెండు పత్రాలు పెట్టుకొన్నచోట దిద్దుబాట్లు ఒకదానికే అందుతాయి; ఏది వెనుకబడుతుందో పాఠకులు ఊహించగలరు. అయితే మార్జిన్-లెఫ్ట్ వంటివి దిక్కుతో పాటు మారవు. వాటికి బదులు మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్ వాడవలె.

ఒక హెచ్చరిక ఇక్కడ అవసరము. నమూనా మార్చితే కంటికి కనిపించే వరుస మాత్రమే మారుతుంది. చూపు లేని విద్యార్థికి పుటను చదివి వినిపించే సాధనము హెచ్‌టీఎంఎల్‌లోని వరుసనే అనుసరిస్తుంది; ట్యాబ్ మీట నొక్కినప్పుడు లంకెల నడకయు అంతే. వ్యాసము చివర వ్రాసి నమూనాలో పైకి తెచ్చితే, చూచేవారికి మొదట కనబడినది వినేవారికి చివర వినబడుతుంది. కనుక విషయాన్ని ముందుగా చదువదగిన క్రమములో వ్రాసి, ఆపై గళ్ళు గీయవలె. శైలి పత్రాన్ని ఒకసారి తొలగించి, ఉర్దూ పుటను, తెలుగు పుటను పై నుండి క్రిందికి చదివి చూస్తే ఆ క్రమము సరిగా ఉన్నదో లేదో తెలిసిపోతుంది.