ఉక్కు నగరంలో నీలిపూలు

1955లో సోవియట్ యూనియన్‌తో ఒడంబడిక కుదిరి భిలాయిలో ఉక్కు కర్మాగారానికి నాంది పలికినది మొదలు, బతుకుతెరువు కోసం అక్కడికి తరలిన తెలుగువారు ఎందరో! ఖుర్సీపార్ వారి ఆవాసాలలో ఒకటి. పరాయి నేలలో వేళ్లూనుకొన్న ఆ కుటుంబాల ముంగిళ్లకు తగిన పూలపొద ఒకటి ఉన్నది. అదీ వలస వచ్చినదే.

దాని పేరు నీలి చిత్రమూలం. పుట్టిల్లు దక్షిణాఫ్రికా. 1786లో లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి ప్లంబాగో ఆరిక్యులేటా అని నామకరణం చేశాడు. ఆకు మొదట చిన్న చెవులవంటి తమ్మెలుండడమే ఆ పేరుకు కారణం. అయిదు రేకుల లేత నీలిపూలు గుత్తులు గుత్తులుగా విచ్చుకొంటాయి.

వేసవిలో 45 డిగ్రీలకు చేరువయ్యే ఎండ ఈ పొదకు పెద్ద శత్రువు కాదు. నిలువనీరే అసలు శత్రువు. ఛత్తీస్‌గఢ్ రైతులు కన్హార్ అని పిలిచే నల్లరేగడిలో వానాకాలపు తడి ఓ పట్టాన ఆరదు. అటువంటిచోట వేళ్లు కుళ్లుతాయి. కనుక ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి పాదును ఎత్తుగా కట్టాలి. స్థలం లేనివారు అడుగున రంధ్రమున్న కుండీలో పెంచవచ్చు.

వానలు మొదలవగానే జానెడు కొమ్మను కణుపు కింద కోసి, దిగువ ఆకులు తుంచి, తడి ఇసుకలో నాటి నీడన ఉంచితే కొన్ని వారాలలో వేళ్లు పడతాయి. నిలదొక్కుకొన్నాక ఎండకు మార్చాలి. పూలు కొత్త చిగుళ్లకే పూస్తాయి. అందుచేత చలి తగ్గుముఖం పట్టగానే కొమ్మలను నిర్దాక్షిణ్యంగా కత్తిరించడమే దానికి చేసే ఉపకారం. ఎరువు ఎక్కువైతే ఆకే మిగులుతుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం మరువరాదు. మన తెల్ల చిత్రమూలం వైద్యంలో ప్రసిద్ధమైనదే. అంతమాత్రాన దాని చుట్టమైన ఈ పొద వేరును ఇంటివైద్యానికి వాడరాదు. రెంటిలోనూ ప్లంబాజిన్ అనే ఘాటైన పదార్థం ఉన్నది. అది చర్మానికి సోకితే బొబ్బలెక్కవచ్చు. కడుపులోకి పోతే ప్రమాదం. గర్భవతులకు మరీ ప్రమాదం. కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవడం, పసిపిల్లలను దూరంగా ఉంచడం క్షేమం.

మనిషికి చేదైన ఈ ఆకే చారల నీలి సీతాకోకచిలుక పురుగుకు విందు. చిగుళ్లు కొరికి ఉన్నాయని మందు చల్లబోయేవారు కొద్దిరోజులు ఓపిక పట్టాలి. కొరికిన చిగురు మళ్లీ వస్తుంది. ఆ చిగురుకే పూలూ వస్తాయి. వాటి చుట్టూ రెక్కలూ ఆడుతాయి.