ఆ ఖాతా ఎవరిదో అడిగే హక్కు

ఒక అమ్మాయి పేరుతో, ఆమె ఫొటోతో ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ ఖాతా తెరుస్తారు. ఆమె బంధువులకు, తోటి ఉద్యోగులకు అసభ్య సందేశాలు వెళ్తుంటాయి. కంపెనీకి అన్నీ తెలుసు కదా, వాడెవడో చెప్పొచ్చు కదా అని ఆ ఇంట్లోవాళ్లకు కోపం రావడం న్యాయమే. కానీ కంపెనీ ఆ వివరాలను నేరుగా వాళ్ల చేతికి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అడిగినవారందరికీ పేరూ ఫోన్ నంబరూ ఇచ్చే ఏర్పాటే ఉంటే, హింస భరించలేక ఇల్లు విడిచిన భార్య కోసం వెతికే భర్త కూడా బాధితుణ్నంటూ అడుగుతాడు. అందుకే ఈ సమాచారం పోలీసుల ద్వారానో కోర్టు ద్వారానో రావాలి. ఆ దారి ఇంకా వేగంగా నడవాలి. అయితే ఆ వేగం కోసం దారిలో ఉన్న తనిఖీలు తీసేయనక్కర్లేదని నా వాదన.

ఖాతా సమాచారమంతా ఒక్క రకం కాదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఒక రకం. ఎప్పుడు, ఏ ఐపీ అడ్రసు నుంచి లాగిన్ అయ్యారన్నది రెండో రకం. సందేశాల్లో ఏం రాసుకున్నారన్నది మూడోది, అన్నిటికన్నా ఆంతరంగికమైనది. నేరగాడు పేరు అబద్ధం చెప్పగలడు కాబట్టి దర్యాప్తు తరచూ రెండో రకం మీదే ఆధారపడుతుంది. అక్కడే జాగ్రత్త కావాలి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ అడ్రసును ఒకే క్షణంలో ఎంతోమంది పంచుకుంటారు. కచ్చితమైన సమయంతోపాటు పోర్టు నంబరు కూడా ఉంటేనే టెలికాం కంపెనీ ఫలానా కనెక్షన్ అని చెప్పగలదు. పైగా లాగిన్ సమయాలు చాలాసార్లు యూటీసీ కాలమానంలో ఉంటాయి. వాటిని మన సమయంలోకి మార్చడం మరిచిపోతే, ఐదున్నర గంటల తేడాతో ఏ పాపం ఎరుగని వాళ్ల ఇంటికి పోలీసులు వెళ్తారు.

మన దగ్గర 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 94వ సెక్షన్ కింద దర్యాప్తుకు కావలసిన సమాచారాన్ని కోర్టు గానీ, స్టేషన్ హౌస్ ఆఫీసరు గానీ రాతపూర్వకంగా కోరవచ్చు. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం, అధికారం ఉన్న ప్రభుత్వ సంస్థ ఎందుకు కావాలో స్పష్టంగా రాసి ఆదేశిస్తే కంపెనీ 72 గంటల్లోపు ఇవ్వాలి. ఖాతా మూసేసినా రిజిస్ట్రేషన్ వివరాలను 180 రోజులు దాచి ఉంచాలి. సందేశాల దగ్గరికొచ్చేసరికి పెద్ద కంపెనీల్లో చాలావాటికి అమెరికా చట్టం అడ్డొస్తుంది. 1986 నాటి అక్కడి చట్టం ప్రకారం సందేశాల్లో ఉన్న విషయాన్ని బయటపెట్టాలంటే సాధారణంగా అక్కడి న్యాయమూర్తి వారెంటు కావాలి. భారత్, అమెరికాల మధ్య 2001లో సంతకాలై 2005లో అమల్లోకొచ్చిన పరస్పర న్యాయ సహాయ ఒప్పందం ఉంది. కానీ అభ్యర్థన మన హోంశాఖ నుంచి అక్కడి న్యాయశాఖకు, అక్కణ్నుంచి కోర్టుకు వెళ్లి రావాలంటే నెలలు పడుతుంది. వాట్సాప్ సందేశాల్లాంటివైతే ఎన్‌క్రిప్షన్ వల్ల చదవగలిగే రూపంలో కంపెనీ దగ్గరే ఉండవు.

ఇంత ఆలస్యమైతే సాక్ష్యం మిగులుతుందా అన్నది న్యాయమైన అభ్యంతరం. దీనికి మందు ఇప్పటికే ఉంది. సమాచారం ఇవ్వమని కోరేలోపు, ఉన్నది ఉన్నట్టు భద్రపరచమని పోలీసులు కంపెనీకి రాయవచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా అలాంటి అభ్యర్థనపై 90 రోజులు దాచి ఉంచుతుంది. అందువల్ల ఎవరి వ్యక్తిగత జీవితమూ బయటపడదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు వెంటనే అడిగే అత్యవసర మార్గం వేరే ఉంది. బాధితులు కూడా స్క్రీన్‌షాట్‌తో ఆగకుండా ప్రొఫైల్ లింకును రాసిపెట్టుకుని, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో తొందరగా ఫిర్యాదు చేయాలి. తెరమీది పేరు ఒక్క నిమిషంలో మారిపోతుంది. డబ్బు పోతే హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడంలో గంట ఆలస్యమైనా నష్టమే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. మొదటి రెండు రకాల సమాచారం కోసం స్టేషన్ అధికారి సంతకం చాలు, మేజిస్ట్రేటు చూడనక్కర్లేదు. దొంగ ఖాతా కేసులో ఇది వరమే. కానీ ఊళ్లో ఇసుక దందా గురించి మారుపేరుతో రాసినవారి వివరాలు కూడా అదే సంతకంతో అడగవచ్చు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ హక్కులో జోక్యానికి చట్టం ఆధారం కావాలి, జోక్యం అవసరానికి మించకూడదు. ఖాతాదారు చేసిందల్లా ఒక అభిప్రాయం రాయడమే అయినప్పుడు, అతని పేరు అడిగే ముందు మేజిస్ట్రేటు అనుమతి తప్పనిసరి చేయాలి. కోర్టులపై భారం పెరుగుతుందంటారు. నిజమే, కానీ సమాచారం భద్రపరిచి ఉన్నంతకాలం రెండు రోజుల ఆలస్యం వల్ల దర్యాప్తు దెబ్బతినదు.

న్యాయమూర్తి చూస్తే పని ఆగిపోతుందన్న భయానికి సివిల్ కేసులే జవాబు. ఎవరో తెలియని ప్రతివాదిపై మన కోర్టుల్లో ‘అశోక్ కుమార్’ పేరుతో దావా వేయవచ్చు. ఒక అధ్యాపకురాలి పాఠాలను టెలిగ్రామ్ ఛానెళ్లలో అక్రమంగా పంచిన కేసును 2022లో ఢిల్లీ హైకోర్టు విచారించింది. సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయని, అక్కడి చట్టం ఒప్పుకోదని టెలిగ్రామ్ వాదించింది. కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, ఆ ఛానెళ్లు నడిపేవారి ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులు, ఈమెయిళ్లు సీల్డ్ కవరులో ఇమ్మంది. టెలిగ్రామ్ ఇచ్చింది. ఆ వివరాల ప్రతిని ఫిర్యాది పక్షానికి అందిస్తూ, ఈ కేసు అవసరాలకు తప్ప మూడోవారికి చెప్పకూడదని కోర్టు షరతు పెట్టింది.